పరిశోధన ఉద్దేశ పత్రంలో ఎల్లలు: కార్ఖానా ఉదాహరణగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ప్రభుత్వ గ్రాంటు కోసం పూర్తి ప్రతిపాదన పంపడానికి ముందు పరిశోధకులు సమర్పించే చిన్న లేఖ ‘లెటర్ ఆఫ్ ఇంటెంట్’. తెలుగు శాఖల్లో దీనిని కార్యాలయ వ్యవహారంగా చూడటమే గాని, గద్యరచనగా విమర్శించిన సందర్భాలు అరుదు. ఇటువంటి లేఖల్లో అర్జీ, ప్రశస్తి, పీఠిక అనే మూడు రచనా ధోరణులు అలవాటుగా ప్రవేశిస్తున్నాయనీ, వాటివల్ల పరిశోధన ప్రశ్న మరుగున పడుతున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ చేసిన మలేరియా పరిశోధన, మాండలిక వృత్తి పదకోశం, గిడుగు రామమూర్తి సవర భాషాకృషి ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించి, సికింద్రాబాదు కంటోన్మెంటులోని కార్ఖానా ప్రాంతంపై ఒక ఊహాత్మక లేఖను నమూనాగా విశ్లేషిస్తుంది.

కీలక పదాలు: ఉద్దేశ పత్రం, పరిశోధన గ్రాంటు, దానశాసనం, స్థలనామం, వృత్తిపదాలు, కార్ఖానా, సికింద్రాబాదు.

1. ప్రవేశిక

పరిశోధనకు ధనసహాయం చేసే సంస్థ తన వద్దకు వచ్చే ప్రతిపాదనలన్నింటినీ మొదటి దశలోనే పూర్తిగా చదవలేదు. అందువల్ల కొన్ని పథకాలలో ముందుగా ఒకటి రెండు పుటల లేఖను కోరుతారు. ఏ ప్రశ్నను, ఏ పద్ధతిలో, ఎంత కాలంలో, సుమారు ఎంత ఖర్చుతో పరిశోధించదలచుకున్నారో ఆ లేఖ చెప్పాలి. దానిని చదివిన నిపుణులు పూర్తి ప్రతిపాదనను ఆహ్వానించాలా వద్దా అని నిర్ణయిస్తారు. పథకాన్ని బట్టి దీనికి సంక్షిప్త ప్రతిపాదన, కాన్సెప్ట్ నోట్ వంటి పేర్లు ఉన్నాయి. లేఖను ప్రత్యేకంగా కోరని పథకాల్లో పూర్తి దరఖాస్తులోని మొదటి పుట ఇదే పని చేస్తుంది.

ఈ లేఖను తెలుగులో ‘ఆశయ పత్రం’ అని వ్యవహరించడం కనిపిస్తుంది. ఈ అనువాదమే మొదటి చిక్కు తెస్తున్నది. వాడుకలో ‘ఆశయం’ అంటే ఉన్నతమైన లక్ష్యం, జీవితకాలపు ఆదర్శం. ఆశయం గొప్పదై ఉండాలని తెలుగు పాఠకుడు సహజంగా ఆశిస్తాడు. రచయిత కూడా ఆ ఆశకు తగినట్టే రాస్తాడు. కాని సంస్థ అడుగుతున్నది ఆదర్శాన్ని గురించి కాదు. రాబోయే 12 లేదా 24 నెలల్లో ఈ వ్యక్తి ఏమి చేయబోతున్నాడన్నది దానికి తెలియాలి. ఆ అర్థానికి ‘ఉద్దేశ పత్రం’ అన్న పేరు దగ్గరగా ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ పేరే స్వీకరించబడింది.

ఉద్దేశ పత్రం చిన్నదే అయినా దాని ఫలితం చిన్నది కాదు. గ్రాంటు రాని అంశం చాలా సందర్భాల్లో పరిశోధనకు నోచుకోకుండానే పోతుంది. ముఖ్యంగా మౌఖిక ఆధారాలపై నిలిచే అంశాలకు వాయిదా అంటే నష్టమే. శాసనం మరో పదేళ్లు ఆగగలదు. తాళపత్రం భద్రపరిస్తే ఆగగలదు. ఒక వృత్తికి సంబంధించిన మాటలు తెలిసిన చివరి తరం ఆగలేదు. కాబట్టి ఒక లేఖ ఎందుకు తిరస్కరణకు గురైందన్న ప్రశ్న, ఏ జ్ఞానం నమోదు కాకుండా పోయిందన్న ప్రశ్నతో ముడిపడి ఉంది.

2. మూడు రచనా ధోరణులు

తెలుగు అధ్యాపకుడు ఉద్దేశ పత్రం రాయడానికి కూర్చున్నప్పుడు అతని ముందు ఆ ప్రక్రియకు సంబంధించిన మాతృక ఉండదు. అందువల్ల తనకు తెలిసిన ఇతర ప్రక్రియల నుండి శైలిని తెచ్చుకుంటాడు. అవి ప్రధానంగా మూడు.

2.1 అర్జీ

నిజాం రాజ్యంలో మొదట పారసీ, పందొమ్మిదో శతాబ్ది చివరిలో ఉర్దూ పరిపాలనా భాషలుగా ఉన్నాయి. అర్జీ, దరఖాస్తు, మంజూరు వంటి మాటలు ఆ పరిపాలన నుండి తెలుగులో స్థిరపడ్డాయి. మాటలతో పాటు ఒక భంగిమ కూడా స్థిరపడింది. అర్జీ అడిగేవాడి అవసరాన్ని చెబుతుంది. తన సేవాకాలం, శాఖలో వసతుల లేమి, గతంలో సహాయం అందకపోవడం మొదలైనవి అందులో ప్రధానాంశాలు. ‘కావున తమరు దయతో’ అన్న వాక్యంతో అది ముగుస్తుంది.

ఉద్దేశ పత్రంలో ఈ ధోరణి ప్రవేశించినప్పుడు లేఖకు కేంద్రం మారిపోతుంది. పరిశోధకుడి అవసరం ముందుకు వచ్చి, ప్రశ్న అవసరం వెనక్కి పోతుంది. ప్రభుత్వ ధనం ప్రజాధనం. దానిని ఒక ప్రశ్నకు సమాధానం కోసం వెచ్చిస్తారు గాని, వ్యక్తికి ఉపకారంగా కాదు. ఈ తేడాను గుర్తించిన లేఖలో వినయం తగ్గదు. ఆ వినయం ప్రభువు పట్ల కాక విషయం పట్ల ఉంటుంది.

2.2 ప్రశస్తి

రెండవ ధోరణి ప్రశస్తి. తెలుగు భాష అజంత సౌందర్యంతోనో, విదేశీయుల మెప్పుతోనో, 2008లో లభించిన ప్రాచీన భాష హోదాతోనో లేఖ మొదలవుతుంది. మొదటి పేరా ముగిసేసరికి భాష గొప్పదని తెలుస్తుంది. ఈ పరిశోధన దేని గురించో తెలియదు. ఇటువంటి వాక్యాలను గుర్తించడానికి సులభమైన పరీక్ష ఒకటి ఉంది. ఆ వాక్యాన్ని తీసి వేరే అంశంపై రాసిన లేఖలో పెట్టినా సరిపోతే, అది ఏ లేఖకూ చెందని వాక్యం.

ఈ అలవాటును తెలుగు సంప్రదాయానికి అంటగట్టడం తొందరపాటు. దానం గురించి రాయడంలో తెలుగు నేలకు సుదీర్ఘమైన అనుభవం ఉంది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలను గమనిస్తే మొదట రాజవంశ ప్రశస్తి ఉంటుంది. తరువాత దాత, గ్రహీత, దాన సందర్భం, ఇచ్చిన గ్రామం లేదా భూమి, దాని ఎల్లలు వస్తాయి. ఏ దిక్కున ఏ ఊరు, ఏ చెరువు, ఏ చెట్టు, ఏ దారి అని ఎల్లలు చెప్పే భాగంలో అలంకారం ఉండదు. తగాదా వస్తే పనికివచ్చేది ఆ భాగమే. ప్రశస్తిని తొలగించినా దానం నిలుస్తుంది. ఎల్లలను తొలగిస్తే ఏమి ఇచ్చారో ఎవరికీ తెలియదు.

నేటి ఉద్దేశ పత్రాల్లో చాలావరకు దానశాసనంలోని ప్రశస్తిని నిలుపుకుని ఎల్లలను వదిలివేశాయి. ఇక్కడ మరొక తారుమారు కూడా జరిగింది. శాసనంలో ప్రశస్తి ఇచ్చేవాడిది. ఉద్దేశ పత్రంలో అడిగేవాడు తన అంశానికి తానే ప్రశస్తి రాసుకుంటున్నాడు.

2.3 పీఠిక

మూడవది సిద్ధాంత వ్యాసపు సినాప్సిస్ నుండి వచ్చిన పీఠికా ధోరణి. ఇందులో అధ్యాయ విభజన ముందే సిద్ధంగా ఉంటుంది. మొదటి అధ్యాయం కవి జీవితం, రెండవది యుగ పరిస్థితులు, చివరిది ఉపసంహారం. సమాచారం సేకరించకముందే అది ఎన్ని గదుల్లో సర్దుకోవాలో నిర్ణయమైపోతుంది. చివరి అధ్యాయంలో ఏమి తేలుతుందో కూడా లేఖలోనే సూచనగా ఉంటుంది. సమాధానం ముందే తెలిసినప్పుడు పరిశోధనకు డబ్బు ఎందుకన్న సందేహం సమీక్షకుడికి కలగడం సహజం.

మూడు ధోరణులలో ఇదే ప్రమాదకరమైనది. అర్జీ, ప్రశస్తి లేఖను మాత్రమే బలహీనం చేస్తాయి. ముందస్తు నిర్ణయం పరిశోధననే తప్పుదారి పట్టించగలదు. దీనికి హైదరాబాదు చరిత్రలోనే ఆధారం ఉంది.

3. హైదరాబాదు, సికింద్రాబాదు: రెండు ఉదాహరణలు

3.1 క్లోరోఫాం కమిషన్

1880 దశకంలో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా, వైద్య పాఠశాల అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫాం మత్తు విషయంలో దృఢమైన విశ్వాసం ఉండేది. క్లోరోఫాం వల్ల మరణం సంభవిస్తే అది శ్వాస ఆగడం వల్లనే జరుగుతుందనీ, శ్వాసను జాగ్రత్తగా గమనిస్తే ప్రమాదం లేదనీ ఆయన నమ్మకం. 1888లో నిజాం ప్రభుత్వ సహాయంతో ఏర్పడిన మొదటి క్లోరోఫాం కమిషన్ ఆ నమ్మకాన్నే ధ్రువపరచింది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ దానిని సందేహించినప్పుడు, ఆ పత్రిక ఎంచుకున్న నిపుణుడు వచ్చి పరీక్షించేందుకు నిజాం ప్రభుత్వం 1000 పౌన్లు ఇచ్చింది. అలా 1889లో లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. రెండవ కమిషన్ కూడా మొదటిదాని నిర్ణయాన్నే సమర్థించింది.

1911లో గుడ్‌మన్ లెవీ చేసిన ప్రయోగాలు వేరే సంగతిని బయటపెట్టాయి. తేలికపాటి క్లోరోఫాం మత్తులో సైతం గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని అవి నిరూపించాయి. శ్వాసను గమనించాలన్న హైదరాబాదు హెచ్చరిక ఉపయోగకరమైనదే. గుండెకు నేరుగా ప్రమాదం లేదన్న నిర్ణయం మాత్రం నిలవలేదు.

ఇందులో ఉద్దేశ పత్ర రచయిత గమనించవలసినది ఒకటే. ధనం, జంతువులు, పరికరాలు, పేరున్న నిపుణుడు, ప్రభుత్వ ఆదరణ అన్నీ సమకూరాయి. ఒక విశ్వాసాన్ని రుజువు చేయాలన్న సంకల్పం కూడా ముందే ఉంది. ‘ఏ పరిస్థితుల్లో ఈ విశ్వాసం తప్పు కావచ్చు’ అన్న ప్రశ్నకు ప్రణాళికలో తగిన స్థానం దక్కకపోతే, ప్రయోగాల సంఖ్య ఎంత పెరిగినా లోపం పూడదు.

3.2 రొనాల్డ్ రాస్

కార్ఖానాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో 1897లో జరిగిన పరిశోధన దీనికి భిన్నమైనది. ఇండియన్ మెడికల్ సర్వీసులో సైనిక వైద్యుడిగా ఉన్న రొనాల్డ్ రాస్ అప్పటికి దోమకూ మలేరియాకూ సంబంధం వెతుకుతున్నాడు. లండన్‌లోని పాట్రిక్ మాన్సన్ ఆయనకు మార్గదర్శి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించి, దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరిశీలించి, 1897 ఆగస్టు 20న ఒక దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు.

అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆయన వ్యాసం పేరు గమనించదగినది. తెలుగులో చెబితే, మలేరియా రక్తం తాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని విలక్షణ వర్ణక కణాల గురించి అని అర్థం. రెండే దోమలు, కొన్ని కణాలు, కనిపించినంత మేరకే మాట. మలేరియా రహస్యం తేలిపోయిందని ఆ పేరు చెప్పదు. దానశాసనంలోని ఎల్లల భాగం వలె ఆ శీర్షిక తన హద్దులను తానే గీసుకుంది. ఇటువంటి హద్దులు గల పరిశీలన మీద తరువాతి పరిశోధన నిలబడగలిగింది.

ఈ ఉదాహరణకు మరో పార్శ్వం ఉంది. ఆవిష్కరణ జరిగిన మరుసటి నెలలోనే రాస్‌ను బదిలీ చేశారు. మలేరియా దాదాపు లేని రాజపుతానాలోని ఖేర్వాడాకు ఆయన వెళ్లవలసి వచ్చింది. మాన్సన్ ప్రభుత్వానికి నచ్చచెప్పిన తరువాతే, 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో ప్రత్యేక పరిశోధన విధి లభించింది. అక్కడ పక్షుల మలేరియాపై చేసిన పనితో దోమ కాటు ద్వారా వ్యాధి సంక్రమించే క్రమం స్పష్టమైంది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే హద్దులు తెలిసిన పరిశోధన కూడా సంస్థ దృష్టిలో తనంతట తాను నిలవదు. దాని విలువను పాలకులకు అర్థమయ్యే భాషలో చెప్పగలవారు ఒకరు కావాలి. ఉద్దేశ పత్రం నేడు చేయవలసిన పనుల్లో ఇది కూడా ఒకటి.

హుసేన్ ఖాన్ విషయం కూడా మరువరానిది. తన శరీరాన్ని ప్రయోగానికి ఇచ్చిన ఆ వ్యక్తి పేరూ, అతనికి చెల్లించిన అణాల లెక్కా చరిత్రలో మిగిలాయి. పరిశోధనకు ఆధారమైన సామాన్యుడికి బడ్జెట్‌లో ఏ స్థానం ఉందన్న ప్రశ్నను ఆ అణాల లెక్క నేటికీ గుర్తుచేస్తుంది.

4. భాషాపరిశోధనలో ఎల్లలు

వైద్యశాస్త్రపు ఉదాహరణలు సాహిత్య, భాషా పరిశోధకులకు వర్తించవన్న అభ్యంతరం రావచ్చు. దానికి సమాధానం తెలుగు పరిశోధనలోనే ఉంది.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. రెండింటికీ సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి. ఆ ప్రణాళిక తెలుగు మాటలన్నింటినీ సేకరిస్తానని చెప్పలేదు. ఒక వృత్తిని ఎంచుకుంది. నాగలి, అందులోని భాగాలు, పనిముట్లు, పనులు మొదలైన వాటికి ఏ ప్రాంతంలో ఏ మాట ఉందో వృత్తిదారుల నోటి నుండే నిర్ణీత పద్ధతిలో సేకరించింది. అంత చిన్న ఎల్లలో చేసిన పని నుండి పెద్ద ఫలితం వచ్చింది. తెలుగు మాండలికాలను ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా గుర్తించడానికి ఆ వ్యవసాయ పదాల వ్యాప్తి ఆధారమైంది. నాగలి భాగాల పేర్లు అడగడం అల్పమైన పనిగా కనిపించవచ్చు. ఆ అల్పత్వమే దానిని పోల్చదగినదిగా, సరిచూడదగినదిగా చేసింది.

గిడుగు రామమూర్తి సవర భాషాకృషి మరో కోణాన్ని చూపుతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న ఆయన సవరలు మాట్లాడే భాషను సొంత ఖర్చుతో నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరల కోసం బడి పెట్టమని ఆయన కోరినట్లు ప్రసిద్ధి. తరువాత 1931లో సవర వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు మద్రాసు ప్రభుత్వ పక్షాన వెలువడ్డాయి. ఆయన దృష్టిలో పరిశోధన ఫలితం మొదట చేరవలసినది ఆ భాష మాట్లాడేవారికి. నేటి దరఖాస్తు పత్రాల్లో ‘సామాజిక ప్రయోజనం’ అనే గడి ఒకటి ఉంటుంది. దానిని ‘తెలుగు జాతికి మేలు’ అన్న వాక్యంతో నింపడం పరిపాటి. గిడుగు దగ్గర ఆ గడికి సమాధానం ఒక బడి. ఎవరికి, ఏ రూపంలో, ఎప్పుడు అన్న మూడింటినీ ఆ ఒక్క మాట చెప్పగలిగింది.

5. కార్ఖానా: ఒక నమూనా విశ్లేషణ

పై సూత్రాలను ఒక చోట పరీక్షించడానికి సికింద్రాబాదు కంటోన్మెంటులోని కార్ఖానా అనువైన ప్రాంతం. జూబ్లీ బస్ స్టేషన్ నుండి తిరుమలగిరి వైపు సాగే దారిలో ఈ పేరు రోజూ వేలాది ప్రయాణికుల నోట వినిపిస్తుంది. పారసీలో ‘కార్’ అంటే పని, ‘ఖానా’ అంటే చోటు. పని జరిగే చోటు అని అర్థం. 1798 నాటి సైన్య సహకార సంధి తరువాత వచ్చిన ఆంగ్ల సైన్యాల విడిది చుట్టూ పెరిగి, 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు పొందిన ఊరు సికింద్రాబాదు. దానిని జనవ్యవహారంలో ‘లష్కర్’ అన్నారు. అదీ సైన్యానికి సంబంధించిన మాటే. లష్కర్ బోనాలు అన్న పేరులో అది నేటికీ నిలిచి ఉంది.

ఈ అంశంపై ఒక ఊహాత్మక లేఖను రెండు రకాలుగా రాయవచ్చు. ఈ రెండూ విశ్లేషణ కోసం కల్పించినవే. మొదటిది వాడుకలోని ధోరణిలో ఇలా ఉంటుంది:

‘సికింద్రాబాదు మహోన్నత చారిత్రక నేపథ్యం గల నగరం. అందులో కార్ఖానా ప్రాంతానికి విశిష్ట స్థానం ఉంది. విభిన్న సంస్కృతుల సంగమమైన ఈ ప్రాంత చరిత్ర, సంస్కృతి, భాష, సాహిత్యాలపై ఇంతవరకు సమగ్ర పరిశోధన జరగలేదు. ఆ లోటును ఈ పరిశోధన భర్తీ చేస్తుంది.’

ఇందులో వ్యాకరణ దోషం లేదు. అయితే కార్ఖానా బదులు బొల్లారం అనో, వరంగల్లు అనో రాసినా పేరా చెడదు. ‘ఇంతవరకు పరిశోధన జరగలేదు’ అన్న వాక్యాన్ని నిరూపించడం కష్టం, ఖండించడం సులభం. పైగా పరిశోధన జరగకపోవడం ఒక్కటే పరిశోధన జరగడానికి కారణం కాలేదు. ‘చరిత్ర, సంస్కృతి, భాష, సాహిత్యాలు’ అన్న నాలుగు మాటలు నాలుగు శాఖల జీవితకాలపు పని. ఏడాదిలో ఒక్కరు దానిని చేస్తానంటే సమీక్షకుడు నమ్మడు.

రెండవ రకం లేఖ ఇలా మొదలుకావచ్చు:

‘కార్ఖానా అన్న స్థలనామం పని జరిగే చోటును సూచిస్తున్నది. ఏ పని, ఎవరి పని అన్నది ఆ పేరులో లేదు. ఈ ప్రాంతంలో చిరకాలంగా నివసిస్తున్న తెలుగు, దక్కనీ ఉర్దూ, తమిళ కుటుంబాలలో 60 ఏళ్లు దాటినవారు ఆ పేరును ఏ పనితో ముడిపెట్టి వివరిస్తున్నారు? మూడు భాషలవారి వివరణలు ఒకటేనా? అందుబాటులో ఉన్న కంటోన్మెంటు పత్రాలు, పటాలతో అవి ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి? 30 కుటుంబాలకు పరిమితమై, 12 నెలల్లో ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ పరిశోధన ఉద్దేశం. సైనిక చరిత్ర, సైనిక స్థావరాల వివరాలు దీని పరిధిలోకి రావు.’

ఈ లేఖ చిన్న విషయం అడుగుతున్నట్టు కనిపిస్తుంది. కాని ఇందులో ప్రతి వాక్యమూ ఒక ఎల్ల. కాలం, స్థలం, వక్తల వయస్సు, భాషలు, సంఖ్య, ఆధారాలు, మినహాయింపు అన్నీ స్పష్టం. సైనిక స్థావరాలను మినహాయించడం ఇక్కడ మర్యాద కోసం చెప్పిన మాట కాదు. కంటోన్మెంటులో ఫోటోలు, పటాలు, ఇంటర్వ్యూల విషయంలో అనుమతుల ప్రశ్న వస్తుంది. దానిని ముందే ఊహించిన పరిశోధకుడికి క్షేత్రం తెలుసునని సమీక్షకుడు గ్రహిస్తాడు.

ఇంకా చేర్చవలసిన అంశాలు మూడు. ఒకటి, ఊహించినది తేలకపోతే ఏమిటన్నది. మూడు భాషల వృద్ధులకూ పేరు వెనుక కథ తెలియదని తేలవచ్చు. అప్పుడు, ఒక స్థలనామం అర్థాన్ని కోల్పోయి గుర్తుగా మాత్రమే మిగిలే క్రమం గురించి రాయడానికి ఆధారం దొరుకుతుంది. ప్రతికూల ఫలితానికి కూడా చోటున్న ప్రణాళిక మాత్రమే క్లోరోఫాం కమిషన్ లోపం నుండి తప్పించుకోగలదు.

రెండు, ఈ చిన్న ప్రశ్న పెద్ద విషయంతో ఎక్కడ కలుస్తుందన్నది. ‘కార్ఖానా’ ఒక్క సికింద్రాబాదు మాట కాదు. సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమలోనూ, తెలుగు పద్మశాలీలు వలసవెళ్లి స్థిరపడిన మహారాష్ట్రలోని షోలాపురంలోనూ మగ్గాలు నడిచే చోటును కార్ఖానా అంటారు. ఒకచోట ఈ మాట స్థలనామంగా గడ్డకట్టింది, మరోచోట వృత్తిపదంగా జీవిస్తున్నది. ఈ పోలిక లేఖలో ఒకటి రెండు వాక్యాలకు మించరాదు. మించితే ఎల్లలు చెరిగిపోతాయి.

మూడు, ఖర్చు. మానవీయ శాస్త్రాల్లో పరిశోధనకు ఖర్చేముంటుందన్న భావన సంస్థల్లోనే గాక పరిశోధకుల్లో కూడా ఉంది. ఒక గంట ధ్వనిముద్రణను లిఖితరూపంలోకి తేవడానికి అనేక గంటలు పడుతుంది. మూడు భాషలు తెలిసిన సహాయకులు కావాలి. వక్తల సమ్మతిని వారి భాషలోనే తీసుకోవాలి. వారి సమయానికి తగిన ప్రతిఫలం, వారు చెప్పిన దాని ప్రతిని వారికే అందించే ఏర్పాటు బడ్జెట్‌లో కనిపించాలి. హుసేన్ ఖాన్ అణాలు, గిడుగు బడి గుర్తున్న పరిశోధకుడు ఈ పద్దును చివరి వరుసలోకి నెట్టడు.

6. వ్యవస్థ వైపు లోపాలు

లోపమంతా లేఖ రాసేవారిదే అనడం న్యాయం కాదు. అడిగే పద్ధతి కూడా రాసే పద్ధతిని నిర్ణయిస్తుంది.

మొదటిది భాష. జాతీయ సంస్థలకు పంపే ప్రతిపాదనలు ఎక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. తెలుగులో ఆలోచించిన ప్రశ్న అనువాదంలో పదును కోల్పోతుంది. ‘సాలు’, ‘ఆసు’, ‘పన్నె’ వంటి మాటల మధ్య తేడాపై నిలిచిన పరిశోధనను ఆ మాటలు తెలియని సమీక్షకుడికి వివరించడానికి లేఖలో సగం ఖర్చవుతుంది. ఆ సగం మిగుల్చుకోవడానికి పరిశోధకుడు ప్రశ్ననే మార్చి, అందరికీ తెలిసిన పెద్ద మాటలను ఆశ్రయిస్తాడు. ప్రశస్తి ధోరణికి ఇదొక మూలం. భారతీయ భాషలకు సంబంధించిన అంశాల్లో ఆ భాషలోనే లేఖను స్వీకరించి, ఆ భాష తెలిసినవారితో తొలి దశ సమీక్ష చేయించడం అసాధ్యమేమీ కాదు.

రెండవది ప్రాముఖ్యం గురించిన అంచనా. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. అంటే ప్రాంతీయ పరిశోధన అవసరాన్ని వ్యవస్థ గుర్తించకపోలేదు. అయినా ‘జాతీయ ప్రాముఖ్యం’ అన్న గడి ఎదురైనప్పుడు ఒక వాడకు సంబంధించిన అంశం చిన్నబోతుంది. వ్యాప్తినీ ప్రాముఖ్యాన్నీ ఒకటిగా చూడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. బేగంపేటలోని ఒక ఆసుపత్రి, రెండు దోమలు అన్న ఎల్లలు ప్రపంచ ప్రాముఖ్యానికి అడ్డురాలేదు.

మూడవది కాలానుగుణమైన మాటల ఒత్తిడి. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయల వ్యయాన్ని అంచనా వేశారు. అందులో అధికభాగం ప్రభుత్వేతర వనరుల నుండి రావాలన్నది ఆలోచన. మానవీయ, సామాజిక శాస్త్రాలు విజ్ఞాన సాంకేతిక రంగాలతో కలిసే అంశాలకు ఆ చట్టం చోటిచ్చింది. ఇది మంచి అవకాశమే. అయితే ఆ అవకాశం కోసం ప్రతి అంశానికీ ‘కృత్రిమ మేధ’, ‘డిజిటల్’ అన్న మాటలను తగిలించే ధోరణికి దారితీసే ప్రమాదమూ ఉంది. దీనికి కూడా ఒక పరీక్ష చెప్పవచ్చు. ఆ మాటను తొలగించినప్పుడు పరిశోధన పద్ధతిలో ఏదైనా మారితే అది లేఖకు అవసరమైన మాట. ఏమీ మారకపోతే అది కొత్త కాలపు ప్రశస్తి.

వ్యవస్థ లోపాలను చూపి లేఖ లోపాలను సమర్థించుకోవడం మాత్రం తగదు. భాషా విధానం మారడానికి సంవత్సరాలు పట్టవచ్చు. మొదటి పేరా మారడానికి ఒక పూట చాలు.

7. ముగింపు

ఉద్దేశ పత్రం తెలుగు గద్యంలో గుర్తింపు పొందని ఒక ప్రక్రియ. గుర్తింపు లేకపోవడం వల్ల అది అర్జీ నుండి భంగిమను, ప్రశస్తి నుండి ఆరంభాన్ని, సినాప్సిస్ నుండి నిర్మాణాన్ని అరువు తెచ్చుకుంది. ఈ మూడింటిలో ప్రశ్నకు చోటు లేదు. ప్రశ్న, దాని ఎల్లలు, సమాధానం మరోలా వచ్చే అవకాశం, సహకరించిన జనానికి దక్కేది, అయ్యే ఖర్చు అన్న అయిదింటినీ చెప్పగలిగిన లేఖ తన పని చేసినట్టే. పరిశోధన పద్ధతిశాస్త్రం బోధించే తరగతుల్లో గ్రంథసూచికకు, పాదసూచికకు ఇస్తున్న స్థానం ఈ లేఖా రచనకు కూడా ఇవ్వడం అవసరం. ఎం.ఏ. స్థాయిలోనే ఒక దానశాసనాన్ని ముందుంచి, అందులో ప్రశస్తి ఎక్కడ ముగిసింది, ఎల్లలు ఎక్కడ మొదలయ్యాయి అని విద్యార్థులతో గుర్తింపజేస్తే ఆ బోధనకు మంచి ఆరంభం అవుతుంది.

కార్ఖానా వంటి ప్రాంతాలు నగర విస్తరణలో వేగంగా రూపం మార్చుకుంటున్నాయి. పేరు బస్సు బోర్డుల మీద నిలిచి ఉంటుంది. ఆ పేరు వెనుక ఉన్న పని గురించి చెప్పగలవారు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. వారిని కలవడానికి అవసరమైన ధనం మంజూరు కావడమా కాకపోవడమా అన్నది ఒకటి రెండు పుటల గద్యంపై ఆధారపడి ఉంది.